స్వీయ అజాగ్రత్త

కరెంటు పోయింది. కరెంటు సంస్థ వాళ్ల పత్రిక అచ్చవుతుండగా కరెంటు పోయింది. ఇంకో రోజైతే అనసూయకు నవ్వొచ్చేదేమో, ఇవాళ రాలేదు. వరంగల్ స్టేషన్ రోడ్డులో రామలింగం ప్రెస్సు అది. ముందొక గది, వెనకొక గది, నడుమ మిషను. ఇప్పటిదాకా టకటకా కొట్టుకున్న మిషను చక్రం తనంతట తాను రెండు చుట్లు తిరిగి ఊరుకుంది, పైన ఫ్యాను మూలుగుతూ నిలిచింది, దాంతో అంతదాకా దూరంగా ఉన్న సిరా వాసన, టైపు కడిగిన కిరసనాయిలు వాసన, బయట ఎండలో రిక్షావాళ్ల కేకలు అన్నీ ఒక్కసారి మీదికొచ్చి కూర్చున్నాయి. ఆమె ఒళ్లో నాలుగో పేజీ ప్రూఫు ఉంది. దాని అడుగున 'అచ్చుకు ఇవ్వవచ్చు' అని రాసి సంతకం పెట్టాలి. ఆ సంతకం లేనిదే రామలింగం పేజీని మిషను ఎక్కించడు, ఒకసారి ఎక్కించి ఆఫీసువాళ్లతో నానా మాటలు పడ్డాడు, అప్పటినుంచి దేవుడొచ్చి చెప్పినా సంతకం చూపించమంటాడు. మిగతా పేజీలన్నీ అయిపోయాయి. ఇదొక్కటే మిగిలింది, రేపు పొద్దున చైర్మన్ గారు కొత్త సబ్‌స్టేషన్ తెరవడానికి వస్తున్నాడు, ఆయన చేతిలో పత్రిక పెట్టాలి.

"గంటన్నా పడ్తది మేడం. గీ ఎండకాలం కోత గంతే," అన్నాడు రామలింగం, బనీను ఎత్తి పొట్ట మీద విసురుకుంటూ. "ఇంటికి వొయ్యి రారాదుండ్రి?"

"పోను," అంది అనసూయ.

పోను. ఎందుకు పోవాలి. పోతే ఇంట్లో అత్తగారు, వచ్చినవా, అయిపోయిందా నీ కొలువు అని, ఆ కొలువు అనే మాటను పంటి కింద రాయిలా నొక్కి పలుకుతుంది. కింద దుకాణంలో భర్త రాంచందర్ చీరల మడతల మధ్య నుంచి తల ఎత్తి, ఏం అనడు, ఏమీ అనడు, అదే ఆయన మంచితనం, ఎవరైనా అడిగితే మాత్రం ఏదో టైంపాస్‌కు పోతది అంటాడు. టైంపాస్. ఎమ్మే తెలుగు చదివి, ఆరేళ్లు 'కాంతిరేఖ' అనే ఈ నెలవారీ పత్రికను మొదటి అట్ట నుంచి చివరి అట్ట దాకా ఒంటిచేత్తో మోసి, పెద్ద ఇంజనీర్లు చెయ్యని ఉపన్యాసాలు చేసినట్టుగా, చేసిన ఉపన్యాసాలు అర్థమయ్యేట్టుగా రాసి, పబ్లికేషన్స్ ఆఫీసర్ అని తలుపు మీద చెక్కముక్క కొట్టించుకున్న మనిషి టైంపాస్ చేస్తోంది. ఆ చెక్క మీద కూడా బ్రాకెట్లో పార్ట్ టైమ్ అని రాయించారు, ఎవరికైనా అనుమానం వస్తుందేమోనని. పది నుంచి రెండు దాకా. రెండు దాటి ఎన్ని గంటలు ఈ స్టూలు మీద కూర్చుందో, ఎన్ని సాయంత్రాలు ప్రూఫులు దిద్దుకుంటూ హన్మకొండ ఆఫీసు నుంచి బస్సులో నిలబడి వచ్చిందో అవి ఏ చెక్క మీదా లేవు. ఫోన్లో రాజేశ్వర్ రావు గారు, మా పార్ట్ టైమ్ మేడం చూసుకుంటారండీ అంటాడు. ఆయన పౌరసంబంధాల అధికారి. ఎంత మెత్తగా అంటాడంటే, అది తిట్టని పోల్చుకోవడానికి ఆమెకు రెండేళ్లు పట్టింది.

ఒళ్లో కాగితం చూడకుండా ఉండాలనుకుంది. చూసింది. 'భద్రతా నియమాలను పాటించక, స్వీయ అజాగ్రత్త వల్ల విద్యుదాఘాతానికి గురై మరణించిన హెల్పర్ శ్రీ యాకయ్యకు సంస్థ కుటుంబం శ్రద్ధాంజలి ఘటిస్తున్నది.' స్వీయ. ఎంత పట్టుచీర కట్టుకున్న మాట. వాడి తప్పే అని రాయండి, మగతనం ఉంటే అట్లా రాయండి, చచ్చినవాణ్ణి చెంప మీద కొట్టేటప్పుడు చేతికి పట్టుగుడ్డ చుట్టుకోవడమెందుకు. ఘటిస్తున్నది అట. సంస్థ కుటుంబం అట. కుటుంబమే అయితే, ఆ మనిషి నర్సంపేట దారిలో స్తంభం మీద వేలాడుతుంటే దించడానికి నిచ్చెన కోసం ఊళ్లోకి పరుగెత్తాల్సి వచ్చేదా.

ఆమె నర్సంపేట పోయింది. ఎవరూ పొమ్మనలేదు, పేరూ ఊరూ సరిగ్గా రాద్దామని తనే బస్సెక్కి పోయింది. సెక్షన్ ఆఫీసు వరండాలో లైన్‌మన్‌లు బీడీలు దాచుకుని లేచి నిలబడ్డారు. ఒకరు మొదలుపెడితే ఇంకొకరు అందుకున్నారు. యాకయ్య లైన్ క్లియర్ తీసుకునే ఎక్కాడు. లైన్ క్లియర్ అంటే, పని అయిపోయిందని నువ్వు చెప్పేదాకా ఆ తీగలో కరెంటు వదలము అని సబ్‌స్టేషన్ ఇచ్చే మాట. ఆ మాట తీసుకుని ఎక్కాడు. సాయంత్రం ఎవరో పెద్దమనిషి సభ, మైకు పలకడం లేదు, పైనుంచి ఫోను వచ్చింది, వదలమన్నారు, వదిలారు. అంతే. చెప్పి చెప్పి అసిస్టెంట్ ఇంజనీరు స్కూటరు చప్పుడు వినగానే అందరూ నోళ్లు మూసుకున్నారు. వాళ్లలో ముసలాయన ఒకడు చివరికి, "మీరు రాయరు మేడం. మాకెరికే. ఊకె చెప్పినం," అన్నాడు. ఊకె చెప్పారు. ఆ మాట ఆమె బస్సులో వెంట తెచ్చుకుంది, వారం నుంచి అది కుతకుత ఉడుకుతూనే ఉంది.

ఆమె రాసింది. రాయరు అన్నందుకే రాసింది. 'లైన్ క్లియర్ తీసుకుని స్తంభమెక్కిన యాకయ్య, పని చేస్తుండగానే కరెంటు వదలడం వల్ల చనిపోయాడు.' చిన్న వాక్యం, చిన్నపిల్లలు కూడా చదవగలిగే వాక్యం. రాజేశ్వర్ రావు గారు ఇవాళ పొద్దున దాన్ని కళ్లద్దాలు తీసి ఒకసారి, పెట్టుకుని ఒకసారి చదివాడు. చాయ్ తెప్పించాడు. "అనసూయ గారూ, మీ భాష బాగుంటుంది. కానీ ఇది భాష సంగతి కాదు. ఈ పత్రిక చైర్మన్ చదువుతారు, ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేట్ వాళ్లు చదువుతారు. మిగతా సిబ్బందికి కూడా ఒక పాఠంలా ఉండాలి కదా," అని ఎర్రసిరా పెన్నుతో ఆ వాక్యం కొట్టేసి, పైన ఈ పట్టుచీర వాక్యం రాశాడు. అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి ఆయనవి. నేను సంతకం పెట్టను సార్ అంటే నవ్వాడు. "ప్రెస్సుకు వెళ్లండి. సాయంత్రం దాకా టైముంది. ఆలోచించుకోండి." అంటే ఏమిటి, ఆలోచించుకుంటే సంతకం పెడతావు అనేగా. ఆలోచిస్తోంది. ఎండ గడప దాటి లోపలికి వస్తోంది, ఆలోచిస్తూనే ఉంది, ఆలోచిస్తున్నకొద్దీ అరిచేతులు మండుతున్నాయి.

చేతులు. యాకయ్య చేతులు. పోయిన చలికాలం భద్రతా వారోత్సవాలు, పత్రిక అట్ట మీదికి ఒక ఫోటో కావాలి, స్తంభమెక్కే మనిషి కావాలి, సిబ్బంది వరుసలో నిలబడ్డ యాకయ్య నవ్వుముఖం చూసి ఆమే పిలిచింది. గ్లవ్స్ లేకుండా ఫోటో ఏమిటి అన్నాడు రావు గారు. స్టోర్ కీపర్ ఎక్కడినుంచో డబ్బా తెచ్చాడు, డబ్బాలో పౌడరు చల్లి పడుకోబెట్టిన రబ్బరు గ్లవ్స్ ఒక జత, కొత్త పెండ్లికూతురులా ఉన్నాయి. యాకయ్య వాటిని తొడుక్కుని రెండు చేతులూ పైకెత్తి చూసుకుని మురిసిపోయాడు. "మేడం, గివి ఏసుకుంటె మా సోమక్క నన్ను గుర్తువట్టదు," అన్నాడు. ఫోటోగ్రాఫర్ మూడుసార్లు నొక్కాడు. తర్వాత యాకయ్య గ్లవ్స్ విప్పలేదు, స్టోర్ కీపర్ దగ్గరికి పోయి, "సార్, ఉంచుకోనా?" అని అడిగాడు. "ఫోటో అయింది గద, ఇయ్యి," అన్నాడు వాడు. యాకయ్య విప్పి, లోపల తన చెమట అంటిందని భుజం మీది తువ్వాలతో తుడిచి, మళ్లీ డబ్బాలో పెట్టి ఇచ్చాడు. ఆమె అక్కడే ఉంది. ఆ ఫోటో కింద ఏం రాయాలా అని ఆలోచిస్తోంది అప్పుడు. 'భద్రతే మా ఊపిరి' అని రాసింది. బాగుందన్నారు అందరూ. చైర్మన్ గారి గదిలో ఆ అట్ట అద్దం కట్టించి పెట్టారట. ఇప్పటికీ ఉందట. భద్రతే మా ఊపిరి, యాకయ్య గ్లవ్స్ చేతులు, ఆ గోడ మీద నవ్వుతూనే ఉన్నాడు, ఇక్కడ నాలుగో పేజీలో స్వీయ అజాగ్రత్త వల్ల చస్తున్నాడు. ఎవరికీ కడుపులో తిప్పదు. ఎవరికీ, ఎవ్వరికీ.

ఒక పోస్టరు గుర్తొచ్చింది. వానకాలం తీగలు తెగి పడతాయి, ఊళ్లలో జనం తొక్కుతారు, దానికి ఆమె 'తెగిన తీగ ముట్టొద్దు, జర పైలం' అని రాసింది. రావు గారు, జర ఏమిటండీ, పైలం ఏమిటండీ, ఇది గవర్నమెంటు పోస్టరు అని నవ్వి, 'తెగిపడిన విద్యుత్ వాహకములను స్పృశించుట ప్రాణాంతకము' చేశాడు. పరకాల బస్టాండు గోడ మీద దాని కింద నిలబడి ఒక ముసలామె, ఏం సినిమా బిడ్డా అని ఆమెనే అడిగింది. అప్పుడు నవ్వింది అనసూయ, ఇంటికొచ్చి రాంచందర్‌కు చెప్పి కూడా నవ్వింది. అప్పుడెట్లా నవ్వొచ్చింది. అప్పుడే అరవాల్సింది. అరవాల్సినప్పుడల్లా నవ్వి, నవ్వి, ఆరేళ్లు.

బయట జీపు ఆగింది. ఆఫీసు జీపే. ఆమె లేచింది, వచ్చాడన్నమాట, రానీ. కానీ దిగింది రావు గారు కాదు. డ్రైవరు వెనక తలుపు తీస్తే ఒకామె ఇనుప కడ్డీ పట్టుకుని, కాలికి నేల అందుతుందో లేదో చూసుకుంటూ దిగింది. ముప్పై ఏళ్లుంటాయో లేదో. ముఖాన బొట్టు లేదు, చేతులకు గాజులు లేవు, ఆ లేకపోవడం ఇంకా పచ్చిగా ఉంది. డ్రైవరు చూపించిన వైపు చూసి, గడప అవతలే ఆగింది.

"అనసూయమ్మంటె నువ్వేనా?"

"నేనే."

"నేను యాకయ్య భార్యను. సోమక్కను."

రామలింగం గబగబా బనీను కిందికి లాక్కున్నాడు. అనసూయ స్టూలు జరిపింది, సోమక్క దాని మీద కూర్చోలేదు, పక్కన కాగితాల కట్ట మీద ఒక మూల కూర్చుంది. రాజేశ్వర్ రావు సారు తోలిండు, జీపుల ఎక్కిచ్చి తోలిండు అంది. అనసూయకు వెంటనే అర్థమైంది. అర్థమై, ఒంట్లో నెత్తురంతా ముఖానికి వచ్చింది. తను లొంగలేదని ఈ మనిషిని పంపాడు. ఇంకా మైల పూర్తిగా వదిలిందో లేదో, ఊరి నుంచి పిలిపించి, ముందు చాయ్ పోసి, తర్వాత జీపులో ఎక్కించి.

"పేపరు నీ తాన ఆగిందట గదమ్మా," అంది సోమక్క, నేల చూస్తూ. "ఎట్లున్నదో అట్లనే ఏయమని చెప్పటానికచ్చిన. ఆయనదే తప్పని రాయిన్రి. ఏంగాదు."

"ఆయనది తప్పు కాదు సోమక్కా. నీకు తెల్వదా?"

"తెల్వకేం." సోమక్క తలెత్తింది. ఆ కళ్లలో ఏడుపు లేదు. "ఇంట్ల బుగ్గ మార్చాల్నన్నా మెయిన్ బంద్ జేసి, రెండుమాట్ల జూసి ముట్టెటోడు. వాడలందరు నవ్వేది. అసొంటోడు కిలీర్ లేంది ఎక్కుతడా. ఎక్కడు. నాకెరికే."

"మరి?"

"తప్పు ఆయనదంటె నాకు నౌకరి ఇస్తరట. ఆఫీసుదంటె ఎంక్వైరి పడ్తదట, కోర్టట, ఏండ్లు పడ్తదట. ఇద్దరు పిల్లలమ్మా. ఏండ్లు ఏడికెల్లి తేను." కొంగుతో మెడ తుడుచుకుంది. "సచ్చినోడు ఏమనుకోడు. రాయిన్రి."

సచ్చినోడు ఏమనుకోడు. అనసూయ ఆ మాట విని ఏం చెయ్యాలో తెలియక, చేతిలో ప్రూఫును మడిచింది, మళ్లీ విప్పింది. వారం నుంచి ఆమె పోగేసుకున్న కోపం ఈ మనిషి కోసం కదా, ఈ మనిషే వచ్చి వద్దంటోంది, ఇప్పుడా కోపాన్ని ఎక్కడ పెట్టాలి. నిజం రాస్తే ఈమె పిల్లల నోట్లో మన్ను పడుతుంది. అబద్ధం రాస్తే తిండి దొరుకుతుంది. ఇట్లా ఎవరు కట్టారు ఈ లెక్కను, ఏ కుర్చీలో కూర్చుని, ఎంత తీరిగ్గా. నువ్వు రాసే నిజం నీకు గొప్పేమోగాని దానికి ఖర్చు ఆవిడ పెట్టుకోవాలి అని ఒక్క ముక్క మాట్లాడకుండా జీపు పంపి చెప్పాడు రాజేశ్వర్ రావు.

"నౌకరి ఇస్తమని కాయితం ఇచ్చిండా?" అని అడిగింది.

"కాయితమెందుకు. నోటితోనే జెప్పిండు. మంచోడమ్మా, చాయ్ తాగిచ్చిండు."

చాయ్ తాగించాడు. తనకూ తాగించాడు, ఆరేళ్ల కింద ఇంటర్వ్యూ రోజున, పింగాణీ కప్పులో. వచ్చే బోర్డు మీటింగులో మీ పోస్టు ఫుల్ టైమ్ అయిపోతుందండీ, నాది పూచీ అన్నాడు. వచ్చే బోర్డు మీటింగు అయిపోయింది. మీ ఫైలు పైకి పోయిందండీ అన్నాడు. పైన ఎవరో మారారండీ అన్నాడు. ఎన్నికలండీ. బడ్జెటండీ. ప్రతిసారీ చాయ్. ఆ మాటకు ఎప్పుడూ కాగితం అడగలేదు అనసూయ, చదువుకున్న మనిషి, నాలుగో పేజీలో పొల్లు తప్పినా పట్టుకునే మనిషి, పెద్దమనిషిని కాగితం అడిగితే ఏం బాగుంటుందని ఊరుకుంది. యాకయ్య కూడా అడగలేదు. ఫోన్లో లైన్ క్లియర్ అన్నారు, నమ్మి ఎక్కాడు. ఇప్పుడు ఈమె. వీళ్లు ఇచ్చేవన్నీ నోటిమాటలే, తీసుకునేవన్నీ సంతకాలే.

ఆమె ప్రూఫును సంచిలో పెట్టి, లేచి రామలింగం టేబులు మీది ఫోను తీసుకుంది. కరెంటు లేకపోయినా అది పలుకుతుంది.

"వచ్చిందా ఆమె? మాట్లాడారా?" అన్నాడు రావు గారు. గొంతులో తొందర లేదు.

"మాట్లాడిన సార్. ఆమె ఎట్ల చెప్తే అట్లనే అచ్చేద్దాం. కానీ ఉద్యోగం ఆర్డరు ముందు రావాలె. సంతకంతో. అది ఆమె చేతుల పడ్డంక నేను సంతకం పెడ్త."

"అనసూయ గారూ, నా మాట మీద నమ్మకం లేదా?"

"లేదు సార్."

ఆ రెండు మాటలూ నోటి నుంచి బయటపడ్డాక ఆమెకే ఆశ్చర్యమేసింది, ఎంత చిన్నవి, ఆరేళ్లు ఎందుకు పట్టింది. ఆయన గొంతు మారింది. ఇది బ్లాక్‌మెయిలు అన్నాడు. డిసిప్లిన్ అన్నాడు. డ్యూటీలో ఉండి అధికారి మాట కాదంటే దాని ఫలితమేంటో తెలుసా అన్నాడు. తెలుసు, తెలియకపోవడమేం, కానీ డ్యూటీలో ఉండి అనగానే ఆమె చూపు రామలింగం గోడ గడియారం మీదికి పోయింది. "నా డ్యూటీ రెండుగంటలకే అయిపోయింది సార్. నేను పార్ట్ టైమ్. ఇప్పుడు నేనీడ ఊరికె కూసున్న. ప్రూఫు నా సంచిల ఉన్నది." ఫోను పెట్టేసింది. రామలింగం ఆమె వంక చూసి, పక్క హోటలుకు కేకేసి మూడు చాయ్‌లు చెప్పాడు. సోమక్క భయపడిపోయింది. "లొల్లి వెట్టకమ్మా, వచ్చేది గూడ పోతది," అని చెయ్యి పట్టుకుంది. ఆ అరచేతి గరుకు ఇప్పటికీ గుర్తుంది అనసూయకు. "పోదు," అంది, పోతుందేమోనని లోపల భయపడుతూనే. పోతే? పోతే ఈమెకు ఏం జవాబు చెబుతుంది? నీ కోపానికి నన్ను బలిపెట్టావు కదమ్మా అంటే? కానీ కాగితం లేకుండా రేపు పత్రిక చైర్మన్ చేతిలో పడ్డాక, ఈ సోమక్క ఆ ఆఫీసు వరండాలో ఎన్ని నెలలు నిలబడుతుందో, ఎన్ని చాయ్‌లు తాగుతుందో అనసూయ కళ్లకు కట్టినట్టు తెలుసు.

కరెంటు వచ్చింది. ఫ్యాను కదిలింది, కాగితాలు లేచాయి. రామలింగం ఒక్క క్షణం ఆమె సంచి వంక చూశాడు, తర్వాత గొణుక్కుంటూ ఎవరివో పెండ్లి కార్డులు మిషనెక్కించాడు. టకటకా టకటకా. గులాబిరంగు కార్డులు ఒకదాని మీద ఒకటి పడుతుంటే సోమక్క వాటినే చూస్తూ కూర్చుంది, వాటి సిరా ఆరేదాకా చూస్తానన్నట్టు.

రాజేశ్వర్ రావు ఈసారి స్వయంగా వచ్చాడు. చెమటకు చొక్కా వీపుకంటుకుంది, ఎప్పుడూ చెదరని జుట్టు చెదిరింది. టైపు చేసిన కాగితం అందించాడు. కింద పెద్ద ఇంజనీరు సంతకం, ముద్ర. నిజమైన ఆర్డరే. అనసూయ ఇంగ్లీషులో ఉన్నదాన్ని అక్షరం అక్షరం చదివింది, ప్రూఫు చదివినట్టు. పేరు సరిగ్గానే ఉంది. నర్సంపేట సెక్షన్ ఆఫీసు, సరే. స్వీపరు ఉద్యోగం, సరే. ఆ స్వీపరుకు ముందు ఒక మాట ఉంది. పార్ట్ టైమ్.

ఆమెకు చెవుల్లో హోరు పుట్టింది. వీళ్లకు ఈ మాట తప్ప ఇంకోటి రాదు. మనిషిని పూర్తిగా తీసుకుని సగం అని రాస్తారు. పొద్దుటినుంచి పొద్దుగూకేదాకా ఈమె ఆ ఆఫీసు ఊడుస్తుంది, కుండలు నింపుతుంది, ఇంజనీరు ఇంట్లో అంట్లు కూడా తోముతుంది, ఎప్పుడైనా ఇది సగం పని కాదు కదా అంటే ఇష్టమైతే ఉండు లేకుంటే పో అంటారు. భర్తను పూర్తిగా తీసుకున్నారు కదా, అప్పుడు సగం అనలేదే. ఆమె సంచిలోంచి ఎర్రసిరా పెన్ను తీసింది. ఆ మాట మీద అడ్డంగా గీత గీసి, చివర తోక తిప్పి, ప్రూఫులో తీసెయ్యమని పెట్టే గుర్తు పక్కన ఖాళీలో పెట్టి, కాగితం ఆయన చేతికి తిరిగి ఇచ్చింది.

"ఇది ఆఫీసు ఆర్డరు! దీని మీద గీతలు గీస్తారా?"

"తప్పు కనవడితే గీసుడే గద సార్ నా పని. దిద్ది మల్ల టైపు చేయించుకొని రాండ్రి."

"మీ పోస్టు కూడా అదేనని మర్చిపోతున్నారు."

"మర్చిపోతే ఎప్పుడో సంతకం పెట్టి ఇంటికి పోయేదాన్ని."

రాజేశ్వర్ రావు రామలింగం వైపు తిరిగాడు, సంతకం లేకుండానే అచ్చెయ్యమని అడగబోయాడు. రామలింగం మిషను మీదికి వంగి, ఈ లోకంలోనే లేనట్టు పెండ్లి కార్డులు లెక్కపెట్టుకుంటున్నాడు. రావు గారి ముఖంలో మొదటిసారి అనసూయకు భయం కనిపించింది. ఆయనా ఎవరికో జవాబు చెప్పుకోవాలి, రేపు పొద్దున ఖాళీ చేతులతో నిలబడలేడు. జాలి వేస్తుందేమోనని చూసుకుంది. వెయ్యలేదు. జీపు దుమ్ము లేపుకుంటూ హన్మకొండ వైపు పోయింది. పొద్దుగూకే వేళకు డ్రైవరు ఒక్కడే తిరిగొచ్చాడు, కొత్త కాగితంతో. ఆ మాట లేదు. సంతకం ఉంది, ముద్ర ఉంది. అనసూయ రెండుసార్లు చదివి సోమక్క చేతిలో పెట్టింది. తర్వాత సంచిలోంచి ప్రూఫు తీసి, మడతలు సాపుచేసి, 'అచ్చుకు ఇవ్వవచ్చు' అని రాసి సంతకం పెట్టింది.

మిషను మొదలైంది. నాలుగో పేజీ ఒకటి పడింది, దాని మీద ఇంకోటి. స్వీయ అజాగ్రత్త, స్వీయ అజాగ్రత్త, స్వీయ అజాగ్రత్త. ప్రతి దెబ్బా ఆమెకు పళ్లలో తగులుతోంది. గెలిచానా? ఏం గెలిచింది. గెలిస్తే నోరు ఇంత చేదుగా ఉంటుందా. లైన్‌మన్ ముసలాయన ఈ పేజీ చూసి, మాకెరికే అంటాడు. ఫోను చేసి కరెంటు వదలమన్నవాడు రేపు చైర్మన్ మెడలో దండ వేస్తాడు. తన సంగతి కూడా ఆమెకు తెలుసు, అట్లాగే జరిగింది. నెల తిరక్కుండానే రావు గారు పిలిచి, పోస్టు ఎత్తేస్తున్నారండీ అన్నాడు. అదీ నోటితోనే. చాయ్ మాత్రం తెప్పించలేదు.

సోమక్క ఆర్డరును చిన్నగా మడిచి జాకెట్లో దాచుకుంది. లేవబోయి, పడుతున్న కాగితాల కట్ట దగ్గర ఆగింది.

"దీంట్ల ఆయన పేరు ఏడున్నదమ్మా?"

అనసూయ చూపించింది. సోమక్క ముట్టలేదు, వంగి చూసింది.

"నా బిడ్డ మూడో తరగతి. సదువస్తది దానికి. పెద్దగైనంక ఇది జూస్తదా?"

చూడదు అనొచ్చు. ఈ పత్రికలు ఎవరు దాస్తారు, రెండు నెలలకు శనగల పొట్లాలు కట్టుకుంటారు అనొచ్చు. అనలేకపోయింది. "చూస్తే చూస్తది. అప్పుడు దాన్ని నా తానకు తోల్కరా. అచ్చెయ్యమని సంతకం పెట్టింది నేనే అని చెప్త. ఎందుకు పెట్టిన్నో చెప్త. మీ నాయన తప్పు లేదని చెప్త."

సోమక్క ఆమె ముఖంలోకి చూసింది. "అందరు గిట్లనే అంటరమ్మా," అంది, నిష్ఠూరంగా కూడా కాదు, మామూలుగా.

అనసూయకు కోపం రాలేదు. ఈ రోజంతట్లో కోపం రాని మాట అదొక్కటే. సంచి భుజానికి తగిలించుకుంది. "నర్సంపేట బస్సుకింక టైమున్నది. పా, నా ఇల్లు జూసి పో. దుకాణం జూపిస్త, మెట్లు జూపిస్త. బిడ్డకు నువ్వే గుర్తు చెప్పొచ్చు."

"మీ ఇంట్ల ఏమనుకుంటరో," అంది సోమక్క.

అత్తగారు ఈ వేళకు వాకిట్లోనే కూర్చుని ఉంటుంది, బొట్టులేని కొత్త మనిషిని దీపాలవేళ ముందు గుమ్మంలోంచి తీసుకొస్తున్న కోడలిని చూస్తుంది. చూడనీ.

"ఏమన్నా అనుకోనీ," అంది అనసూయ. "పా."

ఇద్దరూ చౌరస్తా వైపు నడిచారు.